ఘాట్‌లో ఫ్యాన్ బెల్ట్ తెగింది, కొత్తది వేసినా కీచుమంటోంది. కారణం ఏమై ఉంటుంది?

మన్యం జీపు:
అన్నలూ, మాది పాత డీజిల్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్, మెకానికల్ పంపు ఇంజను. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగుతుంటే బానెట్ కింద టప్‌మని శబ్దం, ఆ వెంటనే బ్యాటరీ లైటు వెలిగింది. ఆపడానికి కాస్త వెడల్పు చోటు చూస్తుండగానే బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. వెనక పిల్లలున్నారు. రెండో గేరులోకి దించి, పెడల్ మీద బరువంతా వేసి, హ్యాండ్‌బ్రేక్ కూడా లాగితే ఎలాగో కొండ పక్కకి ఆగింది. సిగ్నల్ లేదు. సంతకి వెళ్ళే జీపు డ్రైవరొకాయన తన దగ్గరున్న బెల్టు ఇచ్చి, దగ్గరుండి వేశాడు. ఆయన మేలు మర్చిపోలేను.

ఇప్పుడేమో పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమంటోంది, పుల్లీల చుట్టూ నల్లటి పొడి రాలుతోంది. మళ్ళీ తెగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు బెల్టు తెగితే బ్రేకు ఎందుకు అలా అయింది? బెల్టు లేకుండా ఎంత దూరం పోవచ్చు? చున్నీ గానీ నైలాన్ తాడు గానీ కడితే పనిచేస్తుందంటారు, నిజమేనా?

గోదావరి డీజిల్:
తమ్ముడూ, ముందు బ్రేకు సంగతి చెప్తా. బెల్టు తెగిందంటే అందరూ ఇంజను వేడి గురించే మాట్లాడతారు గానీ ఘాట్‌లో ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. మన కాలి బలాన్ని పెంచి బ్రేకుకి అందించే బూస్టర్ వాక్యూమ్ మీదే పనిచేస్తుంది. పెట్రోల్ బండిలో వచ్చినట్టు డీజిల్ ఇంజన్లో దానికి చాలినంత వాక్యూమ్ దానంతటది రాదు, దానికి విడిగా పంపు ఉంటుంది. మన పాత జీపుల్లో చాలావాటికి ఆ పంపు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనకాలే బిగించి ఉంటుంది, బెల్టు తెగితే రెండూ ఆగిపోతాయి. బూస్టర్లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండుసార్లు తొక్కేసరికి అయిపోతుంది. బ్రేకు ఉంటుంది, కానీ బలమంతా మన కాలిదే. అందుకే ఆ లైటు వెలిగితే పెడల్‌ని మాటిమాటికీ తొక్కి వదలొద్దు, ఒక్కసారే గట్టిగా తొక్కిపట్టి, గేరు తగ్గించుకుంటూ ఆపాలి. ఆగిన చోటు మలుపులో ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ లివరుతో లో రేంజ్ (బండి బాగా నెమ్మదిగా నడిచే గేరు) వేసి మొదటి గేరులో ఇంజను పట్టు మీదే కొంచెం కిందికి దించుకోవచ్చు. తారురోడ్డు మీద అలా ఎక్కువ దూరం మాత్రం వద్దు.

ఇక ఎంత దూరం అంటే, ఇంజను చల్లగా ఉన్నప్పుడైతే పక్కకి తీసుకునేంత, అంతే. వాటర్ పంపూ ఫ్యానూ రెండూ తిరగవు కదా. ఇంకో సంగతి, నీళ్ళు పొంగి బయటికి పోతే సెన్సర్‌కి నీళ్ళు తగలక టెంపరేచర్ ముల్లు కిందికి దిగినట్టు కనిపించొచ్చు. చల్లబడిందిలే అని నడిపితే ఇంజను హెడ్ కింద ఉండే సీల్, అదే హెడ్ గ్యాస్కెట్, పోతుంది. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, చన్నీళ్ళు అసలే పోయొద్దు.

ఏజెన్సీ రూట్:
చున్నీని, తాడుని నమ్ముకోకండి. ముడి పుల్లీ గాడిలో కూర్చోదు, నైలాన్ రాపిడికి కరుగుతుంది, ఊడి ఫ్యాన్‌కి చుట్టుకుంటే ఇంకో ఖర్చు. పట్టీ లాంటి రిబ్బుల బెల్టు ఉన్న కొత్త బండ్లకైతే ఆ ఆలోచనే వద్దు. సీటు కింద స్పేర్ బెల్టు, పానాలు పెట్టుకోండి. పాత బెల్టు మీద AV 13×1000 లాంటి నంబరు ఉంటే 13 మి.మీ. వెడల్పు, 1000 మి.మీ. పొడవు అని అర్థం, అదే చెప్పి కొనండి. మార్చే ముందు బ్యాటరీ నెగటివ్ తప్పకుండా తీయండి, ఆల్టర్నేటర్ వెనక లావు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలే.

ఖమ్మం 4×4:
బెల్టు సంగతి తర్వాత బ్రదర్, ముందు పుల్లీలు చూడండి. ఆ డ్రైవర్ గారు ఇచ్చింది మీ సైజేనా? మంచి బెల్టు గాడిలో రెండు పక్కల్నే పట్టుకోవాలి, అడుగుకి తగలకూడదు. గాడి అడుగు తళతళ మెరుస్తుంటే బెల్టు సన్నదన్నా అయ్యుండాలి, పుల్లీ అరిగిపోయన్నా ఉండాలి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10–12 మి.మీ. దిగాలి. కీచుమంటోందని అంతకంటే బిగించేయకండి, వాటర్ పంపు బేరింగ్ దెబ్బతింటుంది. తర్వాత బెల్టు తీసేసి ఆల్టర్నేటర్ పుల్లీని, వాటర్ పంపు పుల్లీని విడివిడిగా చేత్తో తిప్పండి, ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. మంచి బెల్టు ఊరికే తెగదు, ఎక్కడో ఏదో పట్టేస్తోంది, లేదంటే పుల్లీలు ఒక గీతలో లేవు.

మన్యం జీపు:
ఇందాకే బెల్టు తీసి చూశాను అన్నా. ఆల్టర్నేటర్ నున్నగా తిరుగుతోంది. వాటర్ పంపు మాత్రం తిప్పుతుంటే గరగరమంటోంది, ఫ్యాన్ రెక్క పట్టుకుని ఊపితే కదులుతోంది. పంపు కింద చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ కారి ఎండిన ఆకుపచ్చ చార కూడా ఉంది. గాడి అడుగు మెరవట్లేదు.

ఖమ్మం 4×4:
దొరికింది. ఆ రంధ్రం ఉండేదే లోపల సీల్ పోయిందని చెప్పడానికి. పంపు మార్చండి, గ్యాస్కెట్ కొత్తది వేయించండి. ఇప్పుడున్న బెల్టు కూడా తీసేయండి, జారి జారి దాని పక్కలు నున్నగా అయిపోయుంటాయి. కొత్త బెల్టు మొదట్లో కాస్త సాగుతుంది, ఒకట్రెండు రోజులు తిరిగాక టెన్షన్ మళ్ళీ చూసుకోండి. అప్పటిదాకా ఘాట్ ఎక్కకండి.