పెళ్ళి వీడియోలో మొహాలు పసుపుగా వస్తున్నాయి, స్కోప్‌లు ఎలా చదవాలి?

ప్రశ్న

అందరికీ నమస్తే. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్ల వీడియోలు ఎడిట్ చేస్తుంటాను, ఈ పనికి కొత్త. కటింగ్, పాటకు తగ్గట్టు షాట్లు పేర్చడం వరకు ఇబ్బంది లేదు. కలర్ దగ్గరికి వచ్చేసరికే టెన్షన్. మొన్న ఒక పెళ్ళి వీడియో నా లాప్‌టాప్‌లో చూసుకుని బాగుందనుకుని ఇచ్చాను. వాళ్ళు ఇంట్లో టీవీలో పెట్టుకుని "మా అమ్మాయికి కామెర్లు వచ్చినట్టు ఉందేంటి బాబూ" అన్నారు. మళ్ళీ చేసి ఇస్తానని ఒప్పుకున్నాను.

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ వాడుతున్నా. అందరూ స్కోప్‌లు, అంటే వెలుగూ రంగూ కొలిచి చూపే గ్రాఫ్‌లు, చూసి చెయ్యమంటున్నారు. తెరిస్తే నాలుగు పెట్టెల్లో ఏవేవో గీతలు కదులుతున్నాయి, దేన్ని చూడాలో అర్థం కావట్లేదు. షాట్ ఇది: ఎడమ పక్క పెళ్ళికూతురు, కుడి పక్క పెళ్ళికొడుకు, ఇద్దరూ మధుపర్కాల్లో ఉన్నారు. ముందు హోమం. వెనక బంతిపూల డెకరేషన్, దాని మీద రంగుల ఎల్‌ఈడీ లైట్లు. రెండు కెమెరాలు, ఒకటి ఎస్-లాగ్3లో (తర్వాత రంగు దిద్దుకోవడానికి వీలుగా పాలిపోయినట్టు రికార్డ్ చేసే పద్ధతి), ఒకటి మామూలుగా తీశారు.

జవాబు 1

తమ్ముడూ, నాలుగూ ఒకేసారి చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. హిస్టోగ్రామ్ మూసెయ్. వెలుగు ఎంతుందో చెబుతుంది గానీ ఫ్రేమ్‌లో ఎక్కడుందో చెప్పదు, ఇప్పుడు నీకు దాంతో పని లేదు. ముందు వేవ్‌ఫామ్ ఒక్కటే పెట్టుకో.

వేవ్‌ఫామ్‌లో ఎడమ అంటే ఫ్రేమ్‌లో ఎడమే, కుడి అంటే కుడే. పైకీ కిందికీ మాత్రం బొమ్మతో సంబంధం లేదు. కింద 0 అంటే నలుపు, పైన 1023 అంటే పూర్తి తెలుపు. అందుకే ఫ్రేమ్‌లో కింద ఉన్న హోమం మంట వేవ్‌ఫామ్‌లో అన్నిటికంటే పైన ఉంటుంది. ఫ్రేమ్‌లో పైన ఉన్న చీకటి సీలింగ్ అడుగున ఉంటుంది. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. 1023 లెక్క ఇబ్బందిగా ఉంటే శాతాల్లో అనుకో: 512 అంటే సగం, 700 అంటే 70 శాతానికి కాస్త తక్కువ.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. రంగు, వెలుగు మార్చే చక్రాలు ముట్టుకోకముందు, స్కోప్‌లో కనిపించే ప్రతి గీతా ఫ్రేమ్‌లో దేనిదో కనిపెట్టు. స్కోప్ ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందంతే, ఎలా ఉండాలో చెప్పదు. మంట 1000 దగ్గరుంటే తప్పు కాదు, మొహం 1000 దగ్గరుంటే తప్పు. ఆ తేడా స్కోప్‌కి తెలియదు, నీకు తెలియాలి.

కనిపెట్టడానికి ఒక చిట్కా ఉంది. కలర్ పేజీలో కొత్త నోడ్ (మార్పులు చేసుకునే ఒక మెట్టు) వేసి, పెళ్ళికూతురి మొహం చుట్టూ గుండ్రటి పవర్ విండో (మార్పు ఆ భాగానికే పరిమితం చేసే గీత) పెట్టు. గెయిన్ (ముఖ్యంగా వెలుగున్న భాగాలను మార్చేది) చక్రం కింద ఉన్న పట్టీని కాస్త అటూ ఇటూ తిప్పు. వేవ్‌ఫామ్‌లో ఏ ముక్క పైకీ కిందికీ ఊగితే అదే మొహం. తర్వాత విండోను మధుపర్కం మీదికి జరుపు, జుట్టు మీదికి, పూల మీదికి జరుపు. పని అయ్యాక ఆ నోడ్ తీసెయ్. నాలుగైదు షాట్లకు ఇలా చేస్తే విండో లేకుండానే గుర్తుపడతావు.

మీ షాట్‌లో సుమారుగా ఇలా ఉండాలి. నల్లటి జుట్టు అడుగున, 0 కి కాస్త పైన. తెల్లబట్ట 750 నుంచి 900 మధ్య. చామనఛాయ మొహంలో వెలుగు పడిన భాగం 450 నుంచి 600. తెల్లటి మొహమైతే ఇంకొంచెం పైన, నల్లటి మొహమైతే కింద. ఇవి రూల్స్ కాదు, చూపు ఆనడానికి గుర్తులు మాత్రమే.

పైన గీత తెల్లగా, చదునుగా, కత్తిరించినట్టు కనిపిస్తే అక్కడ వివరం పోయిందేమో అని అనుమానించు. గెయిన్ తగ్గించి చూడు. కిందికి దిగుతూ ఆ గీత విడిపోయి బట్ట మడతలు కనిపిస్తే వివరం ఉన్నట్టే, 1023 పైన దాక్కుంది. చదునుగానే దిగివస్తే కెమెరాలోనే పోయింది. అప్పుడు దాన్ని బూడిద రంగులోకి లాగకు, తెల్లగానే వదిలెయ్.

అడిగినవారు

అన్నా, విండో చిట్కా చాలా ఉపయోగపడింది. మొహం 480 నుంచి 560 మధ్య ఉంది, అంటే వెలుగు బాగానే ఉన్నట్టుంది. మరి పసుపు ఎక్కడ కనిపిస్తుంది? పరేడ్ తెరిచి చూశా. మధుపర్కం దగ్గర ఎరుపు 790, ఆకుపచ్చ 750, నీలం 610 ఉన్నాయి. అడుగున జుట్టు దగ్గర మూడూ దాదాపు సమానంగానే ఉన్నాయి.

జవాబు 1

నీ సమస్య నువ్వే చెప్పేశావు. పరేడ్ అంటే అదే వేవ్‌ఫామ్‌ను ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ముక్కలుగా పక్కపక్కన పెట్టడం. ఫ్రేమ్‌లో ఏ రంగూ లేని వస్తువు, అంటే తెలుపు, బూడిద, నలుపు, మూడు ముక్కల్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. నీకు తెలుపు దగ్గర నీలం బాగా కిందికి పడిపోయింది. నీలం తగ్గితే మిగిలేది పసుపు. ఎరుపు కాస్త ఎక్కువ కాబట్టి నారింజ ఛాయ కూడా ఉంటుంది. హాల్లో పాత హాలోజన్ లైట్లు ఉన్నాయేమో చూడు. వాటి వెలుగు సుమారు 3200 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే లెక్క, అంకె తక్కువైతే పసుపు ఎక్కువ). కెమెరాను పగటి వెలుగుకని 5600 లో పెడితే అచ్చంగా ఇలాగే వస్తుంది.

అడుగున సమానంగా ఉండి పైన తేడా ఉంటే గెయిన్‌తో సరిచెయ్. పైన బాగుండి అడుగున తేడా ఉంటే లిఫ్ట్. పైనా కిందా ఒకే తేడా ఉంటే ఆఫ్‌సెట్. నీది మొదటి రకం. గెయిన్ చక్రంలో చుక్కను మెల్లగా నీలం వైపు జరుపుతూ, కళ్ళు బొమ్మ మీద కాకుండా పరేడ్‌లో మధుపర్కం ముక్క మీద పెట్టు. మూడూ దగ్గరికి రాగానే ఆపి, అప్పుడు బొమ్మ చూడు.

మరి లాప్‌టాప్‌లో ఎందుకు కనిపించలేదంటావా? చాలా లాప్‌టాప్ తెరలు నీలం వైపు మొగ్గి ఉంటాయి. వీడియోలో ఉన్న పసుపు, తెరలో ఉన్న నీలంతో సరిపోయి నీకు తెలుపులా కనిపించి ఉంటుంది. పైగా ఒకే షాట్‌ను కాసేపు చూస్తూ కూర్చుంటే కన్ను ఆ రంగుకు అలవాటు పడిపోతుంది. తెర మీద నైట్ లైట్ లాంటిది ఆన్‌లో ఉంటే ముందు అది తీసెయ్.

జవాబు 2

పైన అన్న చెప్పింది కరెక్టే గానీ ఒక జాగ్రత్త. ఏ తెలుపును నమ్ముతున్నారో చూసుకోండి. మధుపర్కాలు కొత్తగా కట్టినప్పుడు తెల్లగా ఉంటాయి. తలంబ్రాలు అయ్యాక పసుపు అంటుకుని ఉంటాయి. అక్కడ మూడు రంగులనూ సమానం చేస్తే మొహాలు నీలంగా పాలిపోతాయి. పట్టు పంచె మరీ మోసం. అది తెలుపు కాదు, మీగడ రంగు. తలంబ్రాలకు ముందు షాట్లలో అంచుకు దూరంగా, మడత లేని చోట మధుపర్కం తీసుకోండి. లేకపోతే వెనక వరుసలో ఎవరిదో తెల్ల చొక్కా చూడండి, అదీ అదే లైటు కింద ఉన్నదైతేనే.

మొహం సంగతి తేల్చడానికి వెక్టర్‌స్కోప్ కావాలి. అందులో వెలుగు ఉండదు, రంగు మాత్రమే ఉంటుంది. మధ్య చుక్క అంటే రంగు లేనిది. మధ్య నుంచి ఏ దిక్కుకు పోతే ఆ రంగు, ఎంత దూరం పోతే అంత గాఢం. గడియారంలా అనుకుంటే ఎరుపు పన్నెండుకు కాస్త ఎడమగా, పసుపు తొమ్మిదిన్నర దగ్గర ఉంటాయి. ఆ రెండింటి మధ్య, పదకొండు దగ్గర ఒక గీత ఉంటుంది. రిజాల్వ్‌లో అది కనిపించకపోతే స్కోప్ సెట్టింగ్స్‌లో స్కిన్ టోన్ ఇండికేటర్ టిక్ చేసుకోవాలి. మనుషుల చర్మం తెల్లదైనా నల్లదైనా ఆ గీత దగ్గరలోనే పడుతుంది. ఛాయలో తేడా ముఖ్యంగా వేవ్‌ఫామ్ ఎత్తులో కనిపిస్తుంది, వెక్టర్‌స్కోప్ దిక్కులో కాదు. "అమ్మాయిని కాస్త తెల్లగా చూపించండి" అని అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం రంగు తీసేయకండి, రక్తం లేనట్టు తయారవుతుంది. నన్నడిగితే అసలు ముట్టుకోకపోవడమే మంచిది.

ఫ్రేమ్ మొత్తం చూస్తే బంతిపూలు, చీర ఎరుపు కలిసిపోయి మొహం ఎక్కడుందో తెలియదు. మొహం మీద విండో పెట్టి హైలైట్ ఆన్ చేయండి. మిగతాదంతా బూడిద రంగై మధ్య చుక్కలో కలిసిపోతుంది, మొహం జాడ ఒక్కటే మిగులుతుంది. విండోలోకి జుట్టు, బొట్టు, బాసికం రాకుండా బుగ్గా నుదురూ మాత్రం తీసుకోండి. చూశాక హైలైట్ ఆపేయండి.

అడిగినవారు

అక్కా, చేసి చూశాను. ముందు గీతకు పసుపు వైపు బాగా దూరంగా ఉంది, గెయిన్ సరిచేశాక దాదాపు గీత మీదకు వచ్చింది. చాలా థాంక్స్. ఇంకో డౌట్. అదే పెళ్ళిలో నలుగు పెట్టే షాట్లు ఉన్నాయి. అక్కడ మొహం గీతకు దూరంగా పసుపు వైపే ఉంది. దాన్నీ గీత మీదకు తేవాలా?

జవాబు 2

అయ్యో, వద్దు! అక్కడ మొహానికి రాసింది పసుపే కదా. గీత మీదకు తెస్తే పసుపు మాయమై మిగతా ఫ్రేమంతా నీలం తిరుగుతుంది. ఆ షాట్‌లో పసుపు రాయని మనిషిని వెతకండి. రాస్తున్న అత్తయ్యల మొహమో, మోచేతి పైభాగమో చూసి సరిచేయండి. హోమం దగ్గర క్లోజప్‌లూ అంతే. మంట వెలుగులో ఎరుపు ఎక్కువ ఉండటమే న్యాయం. పరేడ్‌లో మూడూ సమానం చేస్తే మంట ముందు కూర్చున్నట్టే ఉండదు.

ఆ రంగుల ఎల్‌ఈడీల గురించి కూడా ఒక మాట. స్టేజి మీద గాఢమైన గులాబీ లైటు మొహం మీద పడిన షాట్లలో పరేడ్ చూడండి. ఎరుపు, నీలం పైకి పోయి, ఆకుపచ్చ దాదాపు అడుగున పడి ఉంటుంది. లేని ఆకుపచ్చను ఎక్కడి నుంచి తెస్తారు? పైకి లాగితే చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తుంది. గాఢత కాస్త తగ్గించి వదిలేయండి, లేదా వేరే కెమెరా షాట్ వాడండి.

జవాబు 3

నాది చిన్న అనుమానం. టీవీకి 16 నుంచి 235 మధ్యే ఉండాలంటారు కదా? రిజాల్వ్‌లో 0 నుంచి 1023 దాకా వాడేస్తే ఇబ్బంది రాదా?

జవాబు 1

రాదు. 16 నుంచి 235 అనేది ఫైల్లో 8 బిట్‌లో రాసే లెక్క, 10 బిట్‌లో అదే 64 నుంచి 940. రిజాల్వ్ ఫైల్‌ను చదివేటప్పుడే దాన్ని 0 నుంచి 1023 కి సాగదీస్తుంది, బయటికి ఇచ్చేటప్పుడు మళ్ళీ కుదిస్తుంది. క్లిప్ అట్రిబ్యూట్స్‌లో డేటా లెవెల్స్‌ను ఆటోలోనే ఉంచండి. ఒక కెమెరా క్లిప్‌లన్నిట్లో నలుపు 64 దగ్గరే తేలుతూ, తెలుపు 940 దాటకుండా ఉంటే మాత్రం ఆ సెట్టింగ్‌ను అనుమానించండి.

తమ్ముడూ, ఇక నీ ఎస్-లాగ్3 క్లిప్‌లు. వాటిని నేరుగా స్కోప్‌లో చూసి భయపడకు. లాగ్‌లో నడిమి బూడిద 41 శాతం దగ్గర, మామూలు తెల్ల కాగితం 61 శాతం దగ్గర, నలుపు 3.5 శాతం దగ్గర ఉండటమే పద్ధతి. అందుకే వేవ్‌ఫామ్ అంతా మధ్యలో ముడుచుకుని ఉంటుంది. చేత్తో కాంట్రాస్ట్ సాగదీయకుండా ఒక నోడ్‌లో కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ అనే ఎఫెక్ట్ వేసి రెక్ 709 కి, అంటే మామూలు టీవీ రంగుల పద్ధతికి, మార్చు. ఇన్‌పుట్ దగ్గర కలర్ స్పేస్, గామా రెండూ కెమెరాలో పెట్టినవే ఎంచుకో. పైన చెప్పిన అంకెలన్నీ ఆ మార్పు తర్వాతే వర్తిస్తాయి. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ మాత్రం ఆ నోడ్‌కి ముందున్న నోడ్‌లో సరిచెయ్, ఎక్కువ వివరం చేతిలో ఉంటుంది.

అడిగినవారు

రెండు కెమెరాలూ కలపడం ఎలా అన్నా? ఒకటి సరిచేశాక రెండోది పక్కన పెడితే వేరే పెళ్ళిలా ఉంది.

జవాబు 1

రెండు కెమెరాల్లోనూ ఒకే క్షణం ఉన్న షాట్లు తీసుకో, తాళి కట్టేటప్పుడు రెండూ తిరుగుతూనే ఉంటాయి. బాగా వచ్చిన దాన్ని ముందు పూర్తి చేసి, పోల్చుకోవడానికి దాని స్టిల్ పట్టుకో. తర్వాత రెండోది తెరిచి, ఒకదాని తర్వాత ఒకటి పరేడ్ చూస్తూ పో. వరస ముఖ్యం: ముందు అడుగు, అంటే జుట్టు ఎత్తు కలవాలి. తర్వాత తెలుపు. ఆ తర్వాత మొహం ఎత్తు, మధ్య వెలుగును మార్చే గామా చక్రంతో. రంగు గాఢత ఆఖర్న, వెక్టర్‌స్కోప్‌లో మొహం జాడ పొడవు చూసి. గాఢత ముందు సరిచేస్తే వెలుగు మార్చినప్పుడల్లా అది మళ్ళీ మారుతుంది. రెండు కెమెరాలూ వేర్వేరు కోణాల్లో ఉంటాయి కాబట్టి గీతల ఆకారం ఒకేలా రాదు, దాని కోసం కష్టపడకు. ఒకే వస్తువు రెండింట్లోనూ ఒకే ఎత్తులో ఉంటే చాలు.

టీవీ సంగతి మాత్రం నీ చేతిలో లేదు. చాలామంది ఇళ్ళలో టీవీ వివిడ్ మోడ్‌లోనే ఉంటుంది, రంగులన్నీ పెంచి చూపిస్తుంది. పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు పిక్చర్ మోడ్ సినిమాలోనో స్టాండర్డ్‌లోనో పెట్టుకుని చూడమని చెప్పు. అయినా మొత్తం రెండు గంటల వీడియో తిరగతోడే ముందు, ముహూర్తం పాట ఒక్కటి ఎక్స్‌పోర్ట్ చేసి వాళ్ళింటికి పంపు. అది వాళ్ళకు నచ్చితే అవే నోడ్‌లు అదే లైటు కింద తీసిన మిగతా షాట్లకు కాపీ చేసుకో, రిసెప్షన్ మాత్రం విడిగా చెయ్.