పది నిమిషాల్లో ఒక గదిని వదిలించుకోగల ఓడ: అతుకు ఎలా ఉండాలి?

తూనీగ:
అందరికీ నమస్కారం. ఏడాదిగా ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నాను. ఓడ పేరు ‘తూనీగ’. నలభై మందితో శని గ్రహం దాకా వెళ్లి రావాలి. 2025 జనవరి 16న మన ఇస్రో వారి స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు కక్ష్యలో ఒకదానికొకటి అతుక్కున్న వార్త చదివాక ఈ ఆలోచన వచ్చింది. ఒక్కోటి 220 కిలోలే. రెండింటికీ ఒకే రకం అతుకు, ఆడా మగా తేడా లేదు. ఓడను ఒకే డబ్బాలా కాకుండా గదులు గదులుగా గీయాలని ఆ రోజే అనిపించింది.

మధ్యలో పొడవాటి నడవ, వెనక ఇంజిన్, నడవకు అటు మూడు గదులు, ఇటు మూడు. గ్రాఫు కాగితం మీద గది ఒక్కోటి 20 టన్నులు వేసుకున్నాను. ఓడంతా కలిపి 200. ఏడో అధ్యాయంలో పంట గదికి నిప్పంటుకుంటుంది. పది నిమిషాల్లో దాన్ని విడదీసి వదిలేయాలి. ఈ ఘట్టం నాలుగుసార్లు రాశాను, ఒక్కసారీ నాకే నమ్మబుద్ధి కాలేదు. బొమ్మలో గదికీ నడవకూ మధ్య ఒక గీత గీశాను. ఆ గీతలో ఏముంటుందో చెప్పగలరా?

బోగీల మాస్టారు:
అమ్మా, నేను అంతరిక్షం చదివినవాణ్ని కాదు. రైల్వే క్యారేజ్ అండ్ వ్యాగన్‌లో 31 ఏళ్లు చేశాను. బోగీలు కలపడం, విడదీయడం నా పని. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లకు కప్లింగ్ ఒక్కటే కనిపిస్తుంది. కానీ రెండు బోగీల మధ్య బరువు లాగే ఇనుము వేరు, గాలి గొట్టాలు వేరు, కరెంటు వేరు, మనుషులు నడిచే వెస్టిబ్యూల్ వేరు. మీ గీత ఒకటి కాదు, నాలుగు.

విడదీయడానికి వరస ఉంటుంది. ముందు రెండు వైపులా యాంగిల్ కాక్‌లు, అంటే గాలి గొట్టాల కుళాయిలు, మూయాలి. తర్వాత గొట్టాలు. ఆఖరున కప్లింగ్. కాక్ మూయకుండా గొట్టం విప్పితే అది పాములా లేచి కొడుతుంది. నా పక్కవాడికి ముంజేయి విరిగింది, కళ్లారా చూశాను. మీ పది నిమిషాలు ఈ వరసకే సరిపోతాయి. టెన్షన్‌లో ఒక పాత్ర చేత వరస తప్పించండి, ఘట్టం దానంతటదే నడుస్తుంది.

ఇంకో మాట. నడుస్తున్న బండి రెండుగా తెగితే బ్రేక్ పైపు కూడా తెగుతుంది. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనంతో ఉండే గాలి పోతుంది. గాలి పోగానే రెండు ముక్కలకూ బ్రేకులు పడతాయి, ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు. మీ తలుపు కూడా పీడనం పడిపోతే తనంతట తానే మూసుకునేలా పెట్టండి.

కక్ష్య:
మాస్టారు చెప్పిన కరెంటు తీగల సంగతే రష్యా వాళ్ల అంతరిక్ష కేంద్రం మిర్‌ను ముంచబోయింది. 1997 జూన్ 25న ఒక ప్రోగ్రెస్ సరకు నౌక స్పెక్టర్ అనే గదిని గుద్దింది. గాలి కారిపోతోంది, తలుపు మూద్దామంటే దాని గుండానే కేబుళ్లు వేసి ఉన్నాయి! ప్లగ్గులు ఊడదీసి, ఊడనివి కోసి మూశారు. స్పెక్టర్ సౌర పలకల కరెంటు అక్కడితో పోయింది. ఆగస్టులో స్పేస్‌సూట్లతో గాలిలేని ఆ గదిలోకి వెళ్లి, కేబుల్ కనెక్టర్లు ఉన్న కొత్త మూత బిగించారు. మీ ఓడలో తలుపు దారిలో ఒక్క తీగ కూడా ఉండకూడదు. తీగలన్నీ చట్రం బయటి అంచున పోవాలి.

అసలు గదిని ఎందుకు పారేయాలి? తలుపు మూసి గాలి బయటికి వదిలేస్తే మామూలు మంట ఆరిపోతుందిగా. చదివేవాళ్లు ఇది తప్పకుండా అడుగుతారు. అదే ఏడాది ఫిబ్రవరిలో మిర్‌లో అంటుకున్నది ఆక్సిజన్ పుట్టించే రసాయన డబ్బా. తన ఆక్సిజన్ తనే ఇచ్చుకుంటుంది, ఊపిరాడకుండా చేసి ఆర్పలేం. పైగా లోపల ఆరుగురు, వాళ్లు భూమికి తిరిగొచ్చే సోయజ్ నౌకలు రెండు ఉంటే, మంట ఒక సోయజ్ దారికి అడ్డంగా నిలిచింది. మీ పంట గదిలో అలాంటి డబ్బాలు వరసగా పేర్చి ఉంచండి.

కావడి:
గది పోయాక సంగతి చెప్తాను. మీ ఓడ ఒక కావడి. ఒక కుండ తీసేస్తే రెండోది లాగుతుంది. గది మధ్యభాగం నడవకు 10 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, 20 టన్నులు పోగానే ఓడ బరువు కేంద్రం 1.1 మీటర్లు అవతలికి జరుగుతుంది. ఇంజిన్ ఆపి తేలుతున్నంతసేపు ఎవరికీ తెలియదు. మళ్లీ వెలిగించిన రోజు ఓడ గిరగిరా తిరగడం మొదలవుతుంది.

ఇంజిన్ ఆ కేంద్రానికి 40 మీటర్ల వెనక ఉంటే దాదాపు 1.6 డిగ్రీలు వంచితే చాలు. వంగని ఇంజిన్ అయితే, 20 మీటర్ల ఎడంలో ఉన్న రెండు ట్యాంకుల మధ్య 10 టన్నుల నీళ్లు తోడిపోయాలి. నాకైతే నీళ్లే ఇష్టం. నలభై మంది తాగే నీళ్లు అవి.

తూనీగ:
రాత్రంతా నిద్రపోలేదు, బొమ్మ మొత్తం మళ్లీ గీశాను. అతుకు దగ్గర ఇప్పుడు నాలుగు గీతలు: బలం మోసే చట్రం, గాలి గొట్టం, తీగలు, మనిషి దారి. నీళ్లు తోడడం తొమ్మిదో అధ్యాయం అయింది. కావడి గారూ, మీ లెక్క అలాగే వాడుకుంటున్నాను.

మాస్టారూ, ఒక్క సందేహం. విడదీసే మీట ఎటువైపు పెట్టాలి? పంట గదిలో పనిచేసే అమ్మాయి ఇంకా లోపలే ఉంది.

బోగీల మాస్టారు:
రెండు వైపులా పెట్టండమ్మా. కాకపోతే ఒక వైపు నుంచి లాగితే రెండో వైపు గంట మోగాలి. గంట మోగాక ఎంతసేపు ఆగాలో మీ కెప్టెన్‌నే నిర్ణయించనివ్వండి.