కాకినాడ తీరంలో ఒకే పక్షుల గుంపును రెండుసార్లు లెక్కించకుండా ఉండటం ఎలా?

అందరికీ నమస్కారం. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన కోసం కాకినాడ కుంభాభిషేకం బురద మేటల వద్ద రెండేళ్లుగా పక్షులను లెక్కిస్తున్నాను. పాటు సమయంలో ఉల్లంకులు (బురదలో మేత వెతుక్కునే తీరపు పక్షులు) దూరదూరంగా చెదిరి చుక్కల్లా కనిపిస్తాయి. పోటు ఎక్కేకొద్దీ ఒడ్డుకు జరిగి గుంపు కడతాయి గానీ, పడవ చప్పుడుకో డేగ నీడకో ఒక్కసారిగా లేచి, సగం హోప్ ఐలాండ్ వైపు వెళ్లి, మిగిలినవి మరోచోట వాలడంతో, లెక్కించినవాటినే మళ్లీ లెక్కించానేమోనన్న అనుమానం మిగిలిపోతోంది. పై ముక్కు కంటే కింది ముక్కు పొడవుగా ఉండే ఇండియన్ స్కిమ్మర్ అంతరించిపోయే ప్రమాదంలో ఉంది కనుక, దాని సంఖ్య ఒక్కటి కూడా తప్పుగా నమోదు కావడం నాకు ఇష్టం లేదు.

పోటు పూర్తయ్యేందుకు ఎంత ముందుగా లెక్క మొదలుపెట్టాలి? ఇద్దరం వేర్వేరు చోట్ల నిలబడి ఒకే సమయానికి లెక్కిస్తే, ఆ రెండు సంఖ్యలను కలపాలా, పెద్దదాన్నే తీసుకోవాలా?

మరొక విషయం. మొన్న గ్రేట్ నాట్ అనే ఒక ఉల్లంకి కాలికి, పరిశోధకులు గుర్తు కోసం తొడిగే చిన్న రంగు పట్టీ కనిపించింది. అక్షరాలపై బురద అంటి ఉండటంతో చదవలేకపోయాను. రంగు, అది ఏ కాలికి, మోకాలికి పైనా కిందా అన్నంతవరకు రాసుకున్నాను. ఈ వివరాలు పక్షులకు ఇలాంటి పట్టీలు తొడిగి అధ్యయనం చేసే ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే ఉపయోగపడతాయా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.