సాయంత్రం గేమ్ పెడితే పీసీ టప్‌మని ఆగిపోతోంది, పొద్దున్న మాత్రం ఏమీ అవ్వట్లేదు

టెక్కలి_కుర్రోడు:
అన్నలూ కొంచెం చూడండి, బుర్ర వేడెక్కిపోతోంది. మాది టెక్కలి పక్కన పల్లెటూరు. పీసీలో ప్రాసెసర్ రైజెన్ 5 5600, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, రేమ్ 16 జీబీ ఒకటే స్టిక్, పవర్ సప్లై 550 వాట్స్ (బ్రాండ్ ఎందుకులెండి, కేబినెట్‌తో పాటు షాపువాడు పెట్టి ఇచ్చీసిందే). సమస్య ఏటంటే రాత్రి ఏడున్నర ఎనిమిది ప్రాంతంలో జీటీఏ పెట్టానా, కాసేపు ఆడేసరికి టప్‌మని ఆగిపోయి దానంతటదే మళ్ళీ ఆన్ అవుతోంది, బ్లూ స్క్రీన్ లేదు ఎర్రర్ లేదు. అదే పొద్దున్న లేచి ఎంతసేపు ఆడినా కదలదు. సినిమాలు చూసేటప్పుడు, బ్రౌజింగ్‌లో ఎప్పుడూ ఆగలేదు.

ఇదొక బాధ. ఇంకోటి, వాలొరెంట్ గేమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) బాగానే చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారి ధబేల్న పడిపోయి జర్క్ కొడతాది, ఇది మాత్రం ఏ టైములో ఆడినా అంతే. షాపులో అడిగితే కార్డు పోయింది కొత్తది కొను అంటున్నాడు. ఆ మాట ఇంట్లో చెప్తే మా నాన్న పీసీనే అమ్మీమంటాడు. కార్డు డ్రైవర్ని డీడీయూతో (పాత డ్రైవర్ని పూర్తిగా తుడిచీసే టూల్) తీసీసి కొత్తది వేసాను, తేడా ఏమీ లేదు. కేబినెట్ ఇనుము ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోంది కూడా, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో మరి.

హెడ్‌షాట్_రాజాం:
విండోస్ ఫ్రెష్‌గా వేసీ బ్రో, నాకూ ఇలాగే ఆగేది, అలాగే పోయింది.

కోట_దగ్గర_సర్వీసు:
విండోస్ జోలికి ఇప్పుడే పోవద్దు బాబూ. నేను విజయనగరంలో సర్వీసింగ్ చేస్తాను. పొద్దున్న ఆగట్లేదు, సాయంత్రమే ఆగుతోంది అని నువ్వే రాసావు కదా, విండోస్‌కి గానీ డ్రైవర్‌కి గానీ పొద్దూ సాయంత్రం తేడా ఏటి తెలుస్తాది? ముందు రెండు రోగాల్నీ విడదియ్యి, టప్‌మని ఆగడం వేరు జర్కులు వేరు, రెండూ ఒకే మందుతో పోవాలని చూస్తే అనవసరంగా కార్డు కొంటావు.

ఆగిపోయే సంగతి చెప్తాను. ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనకి ఏమైందో రాసుకునే చిట్టా) తీసి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడు, ఆగిన టైముకి కెర్నల్-పవర్ 41 అని ఉంటాది. అది చూసి కంగారు పడకు, దానర్థం సరిగ్గా షట్‌డౌన్ అవ్వకుండా ఆగిపోయింది అనే, కారణం అందులో ఉండదు. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ అని ఉంటాది చూడు, అది 0 అయితే విండోస్‌కి చచ్చిపోతున్నానని తెలిసేలోపే కరెంటు పోయినట్టు లెక్క, ఏదైనా నంబరుంటే అది బ్లూ స్క్రీన్ కథ, అప్పుడు మినీడంప్ ఫైళ్ళు (బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ దాచే ఫైళ్ళు) చూడాలి. రేమ్‌దో డ్రైవర్‌దో గొడవైతే ఎక్కువగా గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్‌కి వచ్చీడమో బ్లూ స్క్రీనో వస్తాది. నీది పూర్తిగా ఆగి లేస్తోంది కాబట్టి నా అనుమానం మొత్తం పవర్ మీదే.

వేడి అంటావా, ఈ ఎండల్లో మధ్యాహ్నం రెండింటికి ఆడి చూడు. వేడి వల్లే అయితే అప్పుడు ఇంకా ముందే ఆగాలి. అప్పుడు ఆగకుండా రాత్రి ఎనిమిదికే ఆగితే అది మీ ఊరి వోల్టేజి. అందరిళ్ళలో ఏసీలు కూలర్లు ఆన్ అయ్యే టైము అదే, ట్రాన్స్‌ఫార్మర్‌కి చివర్న ఉన్న ఇల్లైతే చెప్పక్కర్లేదు. ఆ టైములో మల్టీమీటరు పెట్టించి చూడు. తర్వాత పవర్ సప్లై పక్కనున్న స్టిక్కర్ చదువు. ఇన్‌పుట్ 100-240 అని ఉందా, 200-240 అని ఉందా? మంచివాటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటాది, వోల్టేజి బాగా పడిపోయినా సర్దుకుంటాది. చవకరకంలో అది ఉండదు. లైనులో 230 ఉంటే లోపలి పెద్ద కెపాసిటర్లలో 325 దాకా డీసీ నిలవుంటాది, లైను 175కి పడితే అది 250 కూడా ఉండదు, ఇంక లైటు ఒక్కసారి మినుక్కుమన్నా చాలు గేమ్ లోడు మొయ్యలేక చేతులెత్తీస్తాది. సినిమా చూసేటప్పుడు కార్డు పెద్దగా లాగదు కాబట్టి నెట్టుకొస్తోంది. అదే స్టిక్కర్ మీద 12 వోల్టుల లైనుకి ఎన్ని ఆంపియర్లో కూడా చూడు, 30 అని ఉంటే 360 వాట్లే, పైన పెద్దక్షరాలతో 550 అని ఎంత రాసుకున్నా సరే. 3060 ఒక్కటే 170 వాట్లు తింటాది.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు సెట్టింగుల ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ 70-75 శాతానికి తగ్గించి, ఎఫ్‌పీఎస్ 60కి కట్టీసి అదే రాత్రి టైములో ఆడు. ఆగడం మానేస్తే కార్డు బంగారంలా ఉన్నట్టే. ఓసీసీటీ అనే టెస్టింగ్ ప్రోగ్రామ్‌లో పవర్ టెస్ట్ అని ఒకటుంటాది, అది మాత్రం ఆ సప్లై మీద పెట్టకు, కాలిపోతే కార్డునీ బోర్డునీ కూడా పట్టుకుపోగలదు.

సముద్రంగాలి:
మాది కళింగపట్నం వైపు. మా దగ్గర ఉప్పుగాలికి రేమ్ కాళ్ళు నల్లబడిపోతాయి, తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే సగం పీసీలు బాగయిపోతాయి, అదీ చేసి చూడు తమ్ముడూ.

కోట_దగ్గర_సర్వీసు:
సముద్రంగాలి గారూ, డిస్‌ప్లే రాకపోతే మేమూ ముందు ఆ రబ్బరు పనే చేస్తామండి, కాదనను. కానీ రేమ్ కాళ్ళు నల్లబడితే పొద్దున్న కూడా ఆగాలి కదా.

బొబ్బిలి_బుల్లోడు:
ఆ జిల్లుమనడం గురించి ఎవరూ చెప్పలేదేటి? అది ఎర్తింగ్ లేక. పవర్ సప్లై లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్యలో కేబినెట్‌ని కట్టి ఉంచుతాయి, ఎర్త్ తీగ లేకపోతే బాడీ మీదకి లైను వోల్టేజిలో సగం తేలుతాది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటాది గానీ హెచ్‌డీఎమ్ఐ కేబుల్ టీవీకి పెట్టి తీసేటప్పుడు పోర్టు కొట్టీగలదు. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, పల్లెల్లో చాలా ఇళ్ళలో మూడో కన్నానికి తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గొయ్యి తీయించి ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ చేయించు. ఇంకోటి, రాత్రి కొన్ని లైట్లు డిమ్ అయ్యి అదే టైముకి వేరే లైట్లు మరీ తెల్లగా వెలుగుతుంటే మాత్రం న్యూట్రల్ లూజు, అప్పుడు పీసీ ఆన్ చెయ్యకు, ముందు లైన్‌మేన్‌కి ఫోన్ కొట్టు.

పాత_ఐ9:
ఇది నీకు కాదులే, ఇదే చదివి వచ్చేవాళ్ళ కోసం. ఇంటెల్ 13, 14 జనరేషన్ ఐ7, ఐ9 ప్రాసెసర్లు ఉన్నవాళ్ళకి గేమ్‌లు మూసుకుపోతుంటే, మరీ ముఖ్యంగా కార్డులో మెమరీ బోలెడుండగా వీడియో మెమరీ చాల్లేదని ఎర్రర్ వస్తుంటే ముందు బయోస్ (మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యండి. 2024లో దీనికోసమే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి కోడ్‌కి సవరణలు) వదిలారు, వారంటీ కూడా రెండేళ్ళు పెంచారు. ఇప్పటికే దెబ్బ తిన్న చిప్ అప్‌డేట్‌తో బాగవదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

టెక్కలి_కుర్రోడు:
థాంక్స్ అన్నలూ. మధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ ఆడాను, ఆగలేదు. సీపీయూ 78 దాటలేదు, కార్డు 74. ఈవెంట్ వ్యూయర్‌లో అన్నీ 41లే, కోడ్ 0. మా చిన్నాన్న కరెంటు పని చేస్తాడు, రాత్రి ఎనిమిదికి వచ్చి మీటరు పెడితే 176 చూపించింది, నేను గేమ్ పెట్టి పక్కింటి ఏసీ ఎత్తుకున్నప్పుడు ఇంకా కిందకి పోయి వచ్చింది. పడుకునే టైముకి మళ్ళీ 215. స్టిక్కర్ మీద 200-240 అనే ఉంది, ఆంపియర్లు అయితే అసలు రాయనే లేదు! పవర్ లిమిట్ తగ్గించి ఆడితే రాత్రి కూడా ఆగలేదు. ఎర్త్ పని చిన్నాన్నే చేస్తానన్నాడు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, పీసీ దాని లైను మీదే ఉంది, మరి అదెందుకు కాపాడట్లేదు?

బొబ్బిలి_బుల్లోడు:
వెనకాల చిన్న స్విచ్ ఉంటాది చూడు, నార్మల్ లేదా ఈకో అనీ, యూపీఎస్ అనీ. చాలావాటిలో నార్మల్‌లో పెడితే లైను 100కి పడిపోయేదాకా అదే కరెంటుని నీకు పంపించీస్తాది. యూపీఎస్ మోడ్‌లో 180 కిందకి రాగానే బ్యాటరీ మీదకి తోసీస్తాది. కానీ మీ ఊళ్ళో రోజూ రాత్రి 176 అంటే రోజూ బ్యాటరీ మీదే ఆడినట్టు, అర్ధరాత్రి కరెంటు పోతే ఫేను తిరగదు, అప్పుడు మీ నాన్న నిజంగానే పీసీ అమ్మీస్తాడు. అందులోనూ అది స్క్వేర్ వేవ్‌ది (లైను కరెంటులా నునుపైన తరంగం ఇవ్వనిది) అయితే పీసీ పెట్టకపోవడమే మంచిది. ముందు సప్లై మార్చు.

కోట_దగ్గర_సర్వీసు:
అవును, 100-240 రాసున్న 550 గానీ 650 గానీ 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తాదని ఇచ్చే రేటింగ్) ఉన్నది తీసుకో, కార్డు ఖర్చులో చిన్న ముక్క. వోల్టేజికి మీ వీధివాళ్ళంతా కలిసి కంప్లైంట్ పెట్టండి, ఒక్కడివే పెడితే కదలదు, నంబరు 1912.

ఇంక జర్కులు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర స్పీడ్ ఎంతుంది?

టెక్కలి_కుర్రోడు:
2400.

కోట_దగ్గర_సర్వీసు:
స్టిక్ మీద 3200 అని ఉంటే బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ (రేమ్‌ని దాని మీద రాసిన స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యి, కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అంటారు. ఒకటే స్టిక్ అంటే సింగిల్ ఛానెల్, రేమ్‌కి ప్రాసెసర్‌కి మధ్య ఒకటే దారి, వాలొరెంట్ లాంటివి కార్డు కన్నా ప్రాసెసర్, రేమ్ మీదే ఆధారపడతాయి కాబట్టి అక్కడే జర్కులు. రెండో స్టిక్ అదే మోడల్ దొరికితే సరే, లేదంటే ఉన్నది అమ్మీసి రెండు ఎనిమిదుల కిట్ తీసుకో, వేరే వేరే స్టిక్‌లు కలిపితే ఒక్కోసారి 3200 మీద నిలవవు. నాలుగు స్లాట్ల బోర్డైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టు. పెట్టాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ (రేమ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) తిప్పు, ఒక్క ఎర్రర్ వచ్చినా స్పీడ్ తగ్గించి మళ్ళీ తిప్పు. అదీ పవర్ సప్లై మార్చాకే, లేదంటే టెస్ట్ మధ్యలో ఆగిపోయి రేమ్ మీద లేనిపోని అనుమానం వస్తాది.