మోడల్ విమానం ముక్కు పైకెత్తగానే ఇంజిన్ ఆగిపోతోంది: నీడిల్ చూడాలా, ట్యాంకు చూడాలా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
నాది 46 సైజు (0.46 ఘనపు అంగుళాలు) టూ-స్ట్రోక్ గ్లో ఇంజిన్ (మిథనాల్ ఇంధనంతో నడిచేది) బిగించిన, రిమోట్‌తో ఎగరేసే ట్రైనర్ మోడల్ విమానం. కోతలయ్యాక ఖాళీగా ఉండే కయ్యల్లో ఎగరేస్తాం. నేల మీద చక్కగా తిరుగుతుంది. గాలిలోకి లేచి ముక్కు ఎత్తగానే శబ్దం సన్నబడి, కీచుమని ఆగిపోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఈ బాధ లేదు, సగం దిగాకే మొదలవుతోంది. హై స్పీడ్ నీడిల్ (ఫుల్ వేగంలో ఇంధనం ఎంత పోవాలో నిర్ణయించే మర) కొద్దిగా తెరిస్తే నేల మీద తెల్లటి పొగ కక్కుతోంది, ఐడిల్‌లో (థ్రాటిల్ బాగా తగ్గించినప్పుడు) నిలబడడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మైపాడు గాలి:
ఇంధనం ఎప్పటిది? మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన తీరప్రాంతంలో మూత సరిగా బిగించని డబ్బాను నమ్మలేం. నీళ్లు కలిసిన ఇంధనంతో నీడిల్ ఎక్కడ పెట్టినా నిలకడ ఉండదు. కొత్తగా తెరిచిన డబ్బాతో ఒకసారి నడిపి చూడండి.

కావలి రెక్కలు:
తేమ మాట నిజమే గాని, ఇంధనం చెడితే నిండు ట్యాంకుతోనూ ఇబ్బంది పెట్టాలి కదా! సగం దిగాకే వస్తోందంటే నా అనుమానమంతా ట్యాంకు మీదే. దయచేసి నీడిల్ ముట్టుకోకండి. ట్యాంకు లోపల క్లంక్‌ను (ఇంధనం ఎటు ఉంటే అటు వాలి పీల్చే బరువైన కొసను) పట్టి ఉంచే సిలికాన్ ట్యూబు, ఇత్తడి గొట్టం అంచు ఒరుసుకుని చీలుతుంది. ఇంధనం పైదాకా ఉన్నంతసేపు చీలిక మునిగి ఉంటుంది, ఏమీ తెలియదు. మట్టం దిగగానే ఇంధనంతో పాటు గాలి కూడా లోపలికి పోతుంది. చిల్లుపడిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్లే. ట్యూబు బయటికి తీసి, ఒక కొస వేలితో మూసి, నీళ్లలో ముంచి ఊదండి. బుడగలు వస్తే దొంగ దొరికినట్లే. విమానం ఎప్పుడైనా ముక్కు మీద పడి ఉంటే క్లంక్ ముందుకు మడతపడి అక్కడే ఇరుక్కుంటుంది, అదీ చూడండి.

ఒంగోలు స్పానర్:
ట్యాంకు విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. విమానాన్ని ఒకరు గట్టిగా పట్టుకోగా ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ఇంధనపు ట్యూబును ప్రొపెల్లర్ వెనక నుంచే వేళ్లతో క్షణం నొక్కి వదలండి. వేగం కొంచెం పెరిగి తగ్గితే మిశ్రమం రిచ్ (ఇంధనం ఎక్కువ) వైపు ఉంది, అది మంచిదే. పెరగకుండా నేరుగా పడిపోతే లీన్ (ఇంధనం తక్కువ). తర్వాత ముక్కు ఆకాశానికెత్తండి, వేగం తగ్గకూడదు. ఈ పరీక్షలు నిండు ట్యాంకుతో ఒకసారి, సగం ట్యాంకుతో మరోసారి చేస్తే కావలి రెక్కలు గారి అనుమానం అక్కడికక్కడే తేలిపోతుంది. లీన్‌గా నడిచే ఇంజిన్‌కు ఇంధనంతో పాటు అందులోని నూనె కూడా తక్కువే అందుతుంది. అలా వేడెక్కిన పిస్టన్‌ను మళ్లీ బాగుచేయలేం, అందుకే ఇంతగా చెబుతున్నాను.

పెన్నా ఒడ్డు:
పరీక్షలో నిండు ట్యాంకుతో బాగానే ఉంది, సగంతో నేరుగా పడిపోయింది. ట్యాంకు విప్పాను. ఇత్తడి గొట్టం కొస దగ్గర ట్యూబుకు గోటి అంచంత చీలిక ఉంది. వంచితేనే కనబడుతోంది! కొత్త ట్యూబు వేసి, గొట్టం అంచును సన్నటి ఆకురాయితో నున్నగా చేశాను. ఇప్పుడు ముక్కు ఎత్తినా తగ్గడం లేదు. కానీ ఐడిల్ నుంచి థ్రాటిల్ ఇవ్వగానే తడబడి, పొగ వదిలి, అప్పుడు అందుకుంటోంది.

ఒంగోలు స్పానర్:
అది ఐడిల్ మిశ్రమం రిచ్‌గా ఉన్న లక్షణం. ముందు హై స్పీడ్ నీడిల్‌ను గరిష్ఠ వేగం దాకా తెచ్చి, అక్కడి నుంచి 200-300 ఆర్‌పీఎం తగ్గేలా తెరవండి. ఆ తర్వాతే ఐడిల్ స్క్రూ జోలికి వెళ్లండి. ఐడిల్‌లో ట్యూబు నొక్కినప్పుడు వేగం బాగా పెరిగి ఆగితే రిచ్, వెంటనే ఆగితే లీన్. స్క్రూను కొంచెం కొంచెంగానే తిప్పండి, తిప్పిన ప్రతిసారీ మళ్లీ థ్రాటిల్ ఇచ్చి చూడండి.

మైపాడు గాలి:
ఈ సెట్టింగ్ ఉదయం చల్లదనంలో చేస్తే రోహిణి కార్తె మధ్యాహ్నానికి కాస్త రిచ్ అవుతుంది, వేడి గాలి పలచన కదా. అప్పుడు నీడిల్‌ను ఒకటి రెండు క్లిక్కులు మూస్తే చాలు. మరో మాట: మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనబడదు. ట్యాంకు నింపేటప్పుడు గ్లో ప్లగ్ (ఇంజిన్‌లో ఇంధనాన్ని మండించే వేడి తీగ) బ్యాటరీ తీసేసి ఉంచండి.