పైథాన్ గ్రూపు పెట్టినవాళ్లు వెళ్లిపోయినా నిలబడాలంటే ఏమేం రాసిపెట్టుకోవాలి?

గట్టుమీదకోడర్:
మా ఊరి పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) యూజర్ గ్రూపులో విద్యార్థులు, ఉద్యోగులు కలిపి నూటయాభై మంది దాకా ఉంటారు. రెపో (కోడ్ దాచుకునే చోటు), డొమైన్ (సైట్ చిరునామా), టెలిగ్రామ్ అన్నీ ఒక్కరి చేతిలోనే ఉన్నాయి. ఆయన త్వరలో విదేశం వెళ్తున్నారు. కోడ్ ఆఫ్ కండక్ట్ (ప్రవర్తనా నియమాలు) వేరే గ్రూపుది కాపీ కొట్టి పెట్టాం కానీ ఫిర్యాదొస్తే ఎవరు చూడాలో అందులో లేదు. ఆడపిల్లలు మొదటి మీటప్‌కి వస్తున్నారు, రెండోదానికి రావట్లేదు. అసలు పైథాన్ వాళ్లు ఇవన్నీ ఎలా సర్దుకున్నారు? అందులో చిన్న గ్రూపుకి పనికొచ్చేవి ఏవి?

ఇండెంట్‌నాలుగు:
విలువల సంగతి తర్వాత, ముందు తాళాల సంగతి చూడండి. పైథాన్‌లో మార్పుల కోసం రాసే ప్రతిపాదనల్ని పెప్‌లంటారు. పెప్ 572, అదే వాల్‌రస్ ఆపరేటర్ (:= గుర్తు), దాని మీద రభస జరిగాక 2018 జూలైలో పైథాన్ సృష్టికర్త గ్విడో వాన్ రోసమ్ పక్కకి తప్పుకున్నారు. వారసుణ్ణి తాను నియమించనని కూడా చెప్పేశారు. కోర్ డెవలపర్లు (పైథాన్ కోడ్‌ని నేరుగా మార్చే హక్కున్నవాళ్లు) రకరకాల పాలనా పద్ధతులు రాసి, ఓటేసి, ఆ డిసెంబరులో పెప్ 8016ని ఎంచుకున్నారు. ఇప్పుడు నడుస్తున్న నియమావళి పెప్ 13. ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ ఉంటుంది, ఒకే సంస్థలో పనిచేసేవాళ్లు అందులో ఇద్దరికి మించకూడదు. ప్రతి ఫీచర్ రిలీజ్ (కొత్త సౌకర్యాలతో వచ్చే వెర్షన్) తర్వాత మళ్లీ ఎన్నిక. మూడింట రెండొంతుల ఓట్లు పడితే మధ్యలోనే దించేయొచ్చు. కౌన్సిల్ తన అధికారాన్ని వీలైనంత తక్కువ వాడాలన్న మాట కూడా అందులోనే ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం అది.

మీకు ముగ్గురు చాలు. ముగ్గురూ ఒకే కాలేజీ వాళ్లు కాకుండా చూసుకోండి. ఏటా ఇద్దరు మారి ఒకరు కొనసాగాలి, లేకపోతే పాత సంగతులు తెలిసినవాళ్లే మిగలరు.

ఆయన విమానం ఎక్కేలోపు చేయాల్సినవి: వ్యక్తిగత ఖాతాలో ఉన్న రెపోని గిట్‌హబ్ ఆర్గనైజేషన్‌లోకి (గ్రూపు పేరున ఉండే ఖాతాలోకి) ట్రాన్స్‌ఫర్ చేయించండి, పాత లింకులు వాటంతటవే కొత్త చోటికి మళ్లుతాయి. ఓనర్లుగా ఇద్దర్ని పెట్టండి. డొమైన్ రిజిస్ట్రార్ ఖాతాని గ్రూపు మెయిల్ మీదకి మార్చండి. ఆటో రెన్యూవల్ ఒకరి కార్డుకి కట్టేసి ఉంటే, కార్డు గడువు తీరాక ఏదో ఒక ఉదయం సైట్ కనబడదు. టెలిగ్రామ్‌లో ఓనర్‌షిప్ బదిలీ కావాలంటే ఓనర్ ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్ వారం ముందే ఆన్ అయి ఉండాలి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు: ప్రయాణం రేపనగా మొదలుపెడతారు, తర్వాత ఇక్కడి సిమ్ ఆగిపోతుంది, గ్రూపుకి దిక్కుండదు.

సున్నాసూచిక:
తాళాలు పంచడం మంచిదే కానీ తొందరపడొద్దండీ. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్లో 2024 మార్చిలో బయటపడిన బ్యాక్‌డోర్ (దొంగదారి) గుర్తుందా? జియా టాన్ అనే పేరుతో ఉన్న ఖాతా రెండేళ్లకు పైగా ఓపిగ్గా ప్యాచులు (కోడ్ సవరణలు) పంపి నమ్మకం సంపాదించింది. ఈలోగా వేరే పేర్ల నుంచి మెయింటెయినర్ (ఆ ప్రాజెక్టుని చూసుకునే మనిషి) మీద ‘పని నెమ్మదిగా సాగుతోంది, ఇంకొకరికి హక్కులివ్వు’ అని సాధింపు. ఆయన అప్పటికే అలసిపోయి ఉన్నాడు, చివరికి ఇచ్చాడు. కాబట్టి ముందు ట్రయాజ్ హక్కు (వచ్చిన ఇష్యూల్ని సర్దడం వరకే), కొన్ని నెలలకి రైట్ (కోడ్ మార్చే హక్కు), అడ్మిన్ మాత్రం ముఖాముఖి తెలిసినవాళ్లకే. మెయిన్ బ్రాంచిలోకి (అసలు కోడ్‌లోకి) ఏది వెళ్లాలన్నా రెండో మనిషి రివ్యూ తప్పనిసరి చేయండి.

లక్ష్మణరేఖ_మోడ్:
ఫిర్యాదుల విషయంలో రస్ట్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష వాళ్ల ఉదాహరణ చూడండి. 2021 నవంబరులో వాళ్ల మోడరేషన్ టీమ్ మొత్తం రాజీనామా చేసింది. ప్రాజెక్టుని నడిపే కోర్ టీమ్ తనకు తప్ప ఎవరికీ జవాబుదారీ కాదన్నది వాళ్ల ఆరోపణ. ఆ కోర్ టీమ్ స్థానంలో 2023లో లీడర్‌షిప్ కౌన్సిల్ వచ్చింది. అంత మంచి కోడ్ ఆఫ్ కండక్ట్ ఉన్నచోటే అలా జరిగింది. మీరు ముందుగా రాసుకోవాల్సింది ‘నిర్వాహకుడి మీదే ఫిర్యాదొస్తే?’ అన్న ప్రశ్నకి జవాబు. ఫిర్యాదు తీసుకునేవాళ్లు ఇద్దరుండాలి, ఒకరు మహిళ, ఒకరు నిర్వాహక ముగ్గురిలో లేనివారు. ఎవరి మీద ఫిర్యాదొస్తే వాళ్లు ఆ విచారణలో ఉండకూడదు. అందిందని ఒక రోజులో జవాబు, నిర్ణయం వారంలో. మందలింపు, కొన్నాళ్లు రావొద్దనడం, పూర్తిగా తీసేయడం: ఏ తప్పుకి ఏది అన్నది ముందే ఉండాలి. అప్పటికప్పుడు తేలుస్తామంటే పేరున్నవాడికి మందలింపు, కొత్తవాడికి బహిష్కారం అవుతుంది. గ్రూపులో పేర్లు పెట్టి చర్చ మాత్రం అస్సలొద్దు, ఫిర్యాదు చేసిన మనిషికి అదే రెండో దెబ్బ.

ఆడపిల్లల సంగతి: ఏడాదిలో కనీసం ఇద్దరు మహిళా కోర్ డెవలపర్లు కావాలనీ, అవసరమైతే తానే శిక్షణ ఇస్తాననీ గ్విడో 2015లో ప్రకటించారు. ఆ హోదా పొందిన మొదటి మహిళ మారియట్టా 2017లో గానీ రాలేదు. ప్రకటన ఒక్కటే ఎవర్నీ తీసుకురాదు, పక్కన కూర్చుని నేర్పేవాళ్లు కావాలి. మహిళలకి ప్రోగ్రామింగ్ నేర్పే జాంగో గర్ల్స్ వర్క్‌షాపుల్లో ముగ్గురికి ఒక కోచ్ లెక్క పాటిస్తారు. మీరూ అలాగే చేసి, మీటప్ అయ్యేలోపు ప్రతి ఒక్కరి పేరుమీదా ఒక చిన్న ఇష్యూ (రెపోలో నమోదు చేసే పని) పెట్టండి, దాన్ని వచ్చే మీటప్‌లో కలిసి ముగించేలా. ఇంకో మాట, సాయంత్రం ఏడింటికి మొదలుపెడితే హాస్టల్ పిల్లలు ఎలా వస్తారండీ?

గట్టుమీదకోడర్:
అందరికీ ధన్యవాదాలు. టైమ్ గురించి మాకసలు తట్టలేదు, ఆదివారం ఉదయానికి మారుస్తాం. మాలో తెలుగు మీడియం వాళ్లు చాలామంది. పైథాన్ డాక్యుమెంటేషన్ని తెలుగులోకి తేవడం గ్రూపు పనిగా పెట్టుకోవచ్చా?

ఇండెంట్‌నాలుగు:
పెట్టుకోండి, దారి పెప్ 545లో ఉంది. పీవో ఫైళ్లలో (మూలం, అనువాదం పక్కపక్కనే ఉండే ఫైళ్లు) అనువాదం, మీ పనిని సీసీ0 (హక్కులన్నీ వదులుకునే లైసెన్స్) కింద ఇవ్వాలి. ట్యుటోరియల్, బిల్టిన్ ఫంక్షన్ల పేజీ, బగ్‌లు చెప్పే పేజీ పూర్తయితేనే సైట్‌లో భాషల జాబితాలోకి ఎక్కుతుంది, కాబట్టి ఆ మూడింటితోనే మొదలుపెట్టండి.

తెలుగుకి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. జంట బ్యాక్‌టిక్‌ల (``) మధ్య ఉన్న కోడ్ పదానికి ‘లో’, ‘ని’ నేరుగా అతికిస్తే డాక్యుమెంటేషన్ పేజీల్ని తయారుచేసే స్ఫింక్స్ ఆ మార్కప్ ముగిసిందని గుర్తించదు, బిల్డ్‌లో హెచ్చరికలు వస్తాయి. ముగింపు బ్యాక్‌టిక్‌ల తర్వాత ఒక బ్యాక్‌స్లాష్, ఒక స్పేస్ పెట్టి ప్రత్యయం రాయండి. పేజీలో ఆ స్పేస్ కనబడదు. పీవో ఫైల్‌ని మామూలు ఎడిటర్లో తెరిస్తే మాత్రం బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టాలి.

రెండోది, ఉదాహరణల్లో తెలుగు వేరియబుల్ పేర్లు పెట్టేటప్పుడు. పైథాన్ 3 వాటిని ఒప్పుకుంటుంది. కానీ ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలో పొల్లు విడిగా కనబడటానికి కీబోర్డు ఒక కనబడని అక్షరం, యూ+200సీ, చొప్పిస్తుంది. పేరులో అదుంటే సింటాక్స్ ఎర్రరే. ఆ అక్షరం స్క్రీన్ మీద కనబడకపోవడంతో కొత్తవాళ్లు గంటలు గంటలు తల పట్టుకుంటారు, అందుకే అలాంటి పేర్లు ఉదాహరణల్లో పెట్టకండి.