పట్టుచీరల బీరువాలో కలరా ఉండలు: ఉంచాలా, తీసెయ్యాలా?

అనకాపల్లి అమ్మాయి:
పోయిన ఆదివారం మా పిన్ని కూతురి పెళ్లికి నా ధర్మవరం చీర కట్టుకెళ్లాను. పెళ్లికూతురి పక్కనే కూర్చున్నానా, పంతులుగారు మంత్రం ఆపి రెండుసార్లు ముక్కు రుద్దుకున్నారు. మల్లెపూలు, సాంబ్రాణి, హోమం పొగ అన్నిటినీ దాటుకుని కలరా ఉండల వాసన! అంతకుముందు మూడు రోజులు నీడన ఆరేసిన చీరే అది. నిన్న ఒళ్లుమండి బీరువాలోని ఉండలన్నీ ఏరి పారేశాను. అమ్మ ఫోన్‌లో ఒకటే గొడవ, "ముప్పై ఏళ్లుగా నా చీరల్లో ఒక్క చిల్లు లేదు, ఇక నీ పట్టుచీరలు పురుగులపాలే" అని. ఇంట్లో ఎనిమిది నెలల బాబు, వాడి ఉన్ని స్వెటర్లూ అదే బీరువాలో ఉన్నాయి. వాసన లేకుండా బట్టలు కాపాడే దారి ఉందా, లేక అమ్మ మాటే వినాలా?

బీరువా తాళం:
అమ్మ మాటే వినమ్మా. నేనూ నీలాగే వేపాకు, లవంగాలు అంటూ పోయి, మా అబ్బాయి కాశ్మీరు నుంచి తెచ్చిన శాలువాని జల్లెడ చేసుకున్నాను. ఎండిన వేపాకు పొడి మాత్రం మడతల్లో భద్రంగా ఉంది, శాలువాయే లేదు. వాసనంటావా, ఎన్నాళ్లున్నా ఒకనాటికి పోతుంది. చిల్లు పోతుందా?

కెమిస్ట్రీ మాస్టారు:
ముందు దొంగెవరో తేల్చుకుందాం. బట్ట తినేది ఎగిరే చిమ్మెట కాదు, అది పెట్టిన గుడ్డులోంచి వచ్చే పురుగు. రెక్కలొచ్చాక చిమ్మెట ఏమీ తినదు. ఆ పురుగుకి కావాల్సింది ఉన్ని, పట్టు, వెంట్రుకలు, ఈకలు. నూలు చీరలకీ పాలిస్టర్‌కీ మామూలుగా రాదు, చెమటో పప్పు మరకో అంటుకుని ఉంటే తప్ప. గంజి పెట్టిన నూలు చీరలు కొరికేది వేరే, మడత విప్పగానే వెండిరంగులో సర్రున జారిపోతుందే, ఆ సిల్వర్ ఫిష్. దానికి గంజే భోజనం. అందుకే ఎక్కువకాలం దాచే నూలు చీరకి గంజి పెట్టకూడదు.

ఇక ఉండల సంగతి. వీటిలో ఉండే మందు నాఫ్తలిన్. అది పనిచేయదని అనను. కానీ గాలి చొరబడని పెట్టెలో ఆవిరి దట్టంగా నిండితేనే పనిచేస్తుంది. రోజుకి పదిసార్లు తెరిచే బీరువాలో నాలుగు ఉండలు వేస్తే పురుగు చావదు, పీల్చేది మనమే. పైగా జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాలని కాపాడే ఓ ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిపిల్లలకి, ఈ ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు, అలా ప్రాణం మీదికి వచ్చిన పిల్లలూ ఉన్నారు. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో తెలియను కూడా తెలియదు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ నాఫ్తలిన్‌ని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఐరోపా సమాఖ్యలో 2008 నుంచి ఈ ఉండలు అమ్మడం లేదు. వాసన చంపుదామని పక్కన కర్పూరం బిళ్ల పెడుతుంటారు కొందరు, ఆ పని అసలు చేయకండి. రెండూ ఒకదానికొకటి తగిలితే మన ఎండాకాలం వేడికే కరిగి చీర మీద మరక పడుతుంది.

బీరువా తాళం:
మాస్టారూ, పసివాడున్న ఇల్లయితే ఒప్పుకున్నా. మా ఇంట్లో ఇద్దరమే ముసలాళ్లం, బిగుతుగా మూసే ట్రంకు పెట్టె, ఏడాదికి రెండుసార్లు తీస్తాం. మీరు చెప్పిన లెక్క ప్రకారమే నా ఉండలు పనిచేస్తున్నట్టు కదా? వద్దనడం తేలిక, మరేం చేయాలో కూడా చెప్పండి.

కెమిస్ట్రీ మాస్టారు:
మీ ట్రంకు లెక్క సరైనదే, కాదనలేను. తెరిచేటప్పుడు కిటికీలు తీసి పెట్టుకోండి చాలు.

మిగతావాళ్లకి చెప్పేది: కట్టి విప్పిన చీరని ఆ చెమటతోనే మడిచి లోపల పెట్టడమే అసలు తప్పు. శుభ్రం చేయించి, పూర్తిగా ఆరాక, పాత పంచె ముక్కలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవరులో అయితే తేమ చేరి బూజు పడుతుంది. రెండు మూడు నెలలకోసారి తీసి, నీడన గాలికి ఆరేసి, మడత మార్చండి. పురుగుకి చీకటీ, ఎవరూ కదపకపోవడమూ కావాలి. వేపాకు, వస కొమ్ము వాసనకి కొత్త చిమ్మెటలు కాస్త దూరంగా ఉంటే ఉండవచ్చు, లోపల ఉన్న గుడ్లు మాత్రం వాటికి చావవు. పురుగు కనిపించిన ఉన్ని బట్టని కవరులో గట్టిగా కట్టి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, విప్పితే చెమ్మ పడుతుంది.

ఉప్పాడ ఆడపడుచు:
ఉండల వాసన వద్దని ఫ్రీజర్‌లో పెడితే పండుగప్ప వాసన వస్తుందేమో మాస్టారూ 😀 మా ఫ్రీజర్ నిండా చేపలే. జరీ చీరని అందులో పెట్టే ధైర్యం నాకు లేదు.

గొంగడి మనవడు:
మా తాత గొంగడి నలభై ఏళ్లు ఉంది. ఉండల్లేవు, వేపాకు లేదు. రోజూ భుజం మీదనే, వానొస్తే నెత్తి మీద, రాత్రి పరుపు, పొద్దున దులిపి దండెం మీద. తాత పోయాక గుర్తుగా ఉండాలని మా నాయన మంచిగా మడిచి సందుకలో పెట్టిండు. మూడేళ్లకు తీస్తే చేతిలోనే పొడి రాలింది. దాచుకున్నందుకే పోయింది మరి.

అనకాపల్లి అమ్మాయి:
ఇప్పుడే బీరువా మొత్తం ఖాళీ చేశాను. పట్టుచీరలు తొమ్మిదీ బాగున్నాయి, అన్నీ డ్రై క్లీనింగ్ చేయించి పెట్టినవే. అడుగు అరలో బాబు స్వెటర్‌కి మెడ దగ్గర నాలుగు చిల్లులు, సరిగ్గా పాలు కక్కిన చోట. పక్కనే గోడకి గుమ్మడి గింజంత బూడిదరంగు సంచి, చూస్తుండగానే ఓ చివర నుంచి తల బయటపెట్టి సంచిని ఈడ్చుకుంటూ పాకింది. ఇన్నాళ్లూ దాన్ని గోడకి అంటిన మట్టి అనుకుని చీపురుతో దులిపేదాన్ని. ఆ స్వెటర్ మడతలోనే సగం అరిగిన కలరా ఉండ ఒకటి దొరికింది, నిన్న ఏరినప్పుడు కనపడలేదు.

అమ్మకి ఫొటో పంపాను. "చూశావా, ఉండలు తీసేశావు, వెంటనే పురుగొచ్చింది" అంది.